టార్ సర్వర్లు ఎవరివి, వాటి అద్దె ఎవరు కడుతున్నారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మనం ఎవరో, ఏ సైటు చూస్తున్నామో దాచే టార్ బ్రౌజర్ ఉచితంగా దొరుకుతోంది, మన ట్రాఫిక్ ఎక్కడెక్కడి సర్వర్ల మీదుగానో వెళ్తుందంటున్నారు. మరి ఆ సర్వర్లు ఎవరివి, అద్దె ఎవరు కడతారు, అమెరికా నేవీ మొదలుపెట్టిన దాన్ని నమ్మొచ్చా? చివర్లో "మా ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, నేనూ ఒకటి పెట్టొచ్చా" అని కూడా అడిగారు. నేను హైదరాబాద్‌లో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తాను, 2016 నుంచి సొంత ఖర్చుతో టార్ రిలేలు, అంటే ఇతరుల ట్రాఫిక్‌ను మోసే ఆ సర్వర్లు, నడుపుతున్నాను. కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తాను, కాస్త పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. సర్వర్లు నడిపేది రకరకాల దేశాల్లోని వాలంటీర్లు, చిన్న చిన్న సంఘాలు, కొన్ని యూనివర్సిటీలు. వాటి అద్దె కట్టేది కూడా ఎక్కువగా వాళ్లే. టార్ ప్రాజెక్టు అనే సంస్థకు వచ్చే గ్రాంట్లు, విరాళాలు ప్రధానంగా సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగుల జీతాలకు పోతాయి. అంటే ఇక్కడ రెండు జేబులున్నాయి. "టార్‌కు డబ్బు అమెరికా ప్రభుత్వానిది" అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

మన ఊళ్లలో ఎండాకాలం చలివేంద్రం పెడతారు చూశారా, రిలే నడపడం అచ్చం అలాంటిదే. పందిరి వేసినాయన కుండలు కొంటాడు, రోజూ నీళ్లు నింపిస్తాడు. తాగేవాళ్లు ఎవరు, ఎక్కడికి పోతున్నారు అని అడగడు. ఆ పక్క సెంటర్లో ఇంకొకరి చలివేంద్రం ఉంటుంది. వాళ్లిద్దరికీ పరిచయం ఉండాల్సిన పనిలేదు.

ఇక నేవీ సంగతి. అది నిజమే, ఎవరూ దాచలేదు. 1990ల మధ్యలో అమెరికా నేవీ పరిశోధనశాలలో పాల్ సైవర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ అనే ముగ్గురు ఆనియన్ రూటింగ్ అనే ఆలోచన మీద పని మొదలుపెట్టారు. సందేశాన్ని ఉల్లిపాయ పొరల్లా ఒకదాని మీద ఒకటి ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) పంపితే, దారిలో ఉన్న ఒక్కో సర్వరూ ఒక్కో పొర మాత్రమే ఒలవగలదు. తర్వాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ వచ్చి చేరారు. 2002 అక్టోబరులో నెట్‌వర్క్ మొదలైంది, కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టారు. 2004లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ డబ్బు సాయం చేయడం మొదలుపెట్టింది. 2006లో టార్ ప్రాజెక్టు అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

నేవీ తయారుచేసుకున్న దాన్ని జనానికి ఎందుకిచ్చింది అనే అనుమానం మీకే కాదు, మొదట్లో నాకూ వచ్చింది. కారణం వింటే చాలా సింపుల్. ఈ నెట్‌వర్క్‌ను నేవీ వాళ్లొక్కరే వాడితే, అందులోంచి బయటికొచ్చే ప్రతి కనెక్షనూ నేవీదే అని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. తిరునాళ్లలో మనిషి తప్పిపోగలడు గానీ ఖాళీ మైదానంలో తప్పిపోలేడు కదా! గూఢచారి దాక్కోవాలన్నా చుట్టూ విద్యార్థులు, విలేకరులు, భర్త కొట్టే దెబ్బల నుంచి పారిపోయిన ఆడవాళ్లు, ప్రభుత్వానికి భయపడే ఉద్యమకారులు, ఊరికే ప్రైవసీ కోరుకునే మామూలు జనం ఉండాలి. సర్వర్లు కూడా ఒకరి చేతిలోనే ఉండకూడదు. అందరికీ తెరిచి ఉంటేనే ఎవరికైనా పనికొస్తుంది.

ఇప్పుడు సర్వర్లు ఎవరివో చూద్దాం. అందరికీ కనిపించే రిలేలు ఈమధ్య కాలంలో 8,000కు అటూఇటూగా ఉంటున్నాయి. ఇవి కాక బ్రిడ్జిలని కొన్ని ఉంటాయి. టార్‌ను బ్లాక్ చేసే దేశాల వాళ్ల కోసం వాటి అడ్రసులు బహిరంగంగా ప్రకటించరు. దేశాలవారీగా చూస్తే రిలేలు ఎక్కువ ఉన్న దేశాల్లో జర్మనీ ఒకటి. అమెరికా, నెదర్లాండ్స్ కూడా పై వరసలోనే ఉంటాయి. ఇండియాలో ఉన్నవి బహు తక్కువ.

నడిపేవాళ్లలో నాలాంటి ఒంటరి మనుషులు చాలామంది ఉన్నారు. జీతంలోంచి నెలకు కొంత తీసి ఒక వీపీఎస్ (హోస్టింగ్ కంపెనీ అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) అద్దెకు తీసుకుని, అందులో టార్ పెట్టి వదిలేస్తాం. రెండో రకం, విరాళాలు పోగుచేసి పెద్ద సర్వర్లు నడిపే సంఘాలు. జర్మనీలో త్స్వీబెల్‌ఫ్రాయిండె అనే సంఘం ఉంది, ఆ పేరుకు అర్థం "ఉల్లిపాయ స్నేహితులు". ఫ్రాన్స్‌లో నోజ్ ఓన్యాఁ ఉంది, అంటే "మన ఉల్లిపాయలు". స్వీడన్‌లో డీఎఫ్ఆర్ఐ, అమెరికాలో కేలిక్స్ ఇన్‌స్టిట్యూట్, సియాటిల్‌లో ఎమరాల్డ్ ఆనియన్, ఆస్ట్రియాలో ఫౌండేషన్ ఫర్ అప్లైడ్ ప్రైవసీ ఉన్నాయి. వీళ్లంతా పేరూ ఊరూ దాచుకోకుండా పనిచేస్తారు, విరాళాలు బహిరంగంగానే అడుగుతారు.

ఒక లైబ్రరీ కథ కూడా చెప్పాలి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో లెబనాన్ అనే చిన్న ఊరుంది. అక్కడి కిల్టన్ లైబ్రరీ 2015లో టార్ రిలే పెట్టింది. అమెరికా అంతర్గత భద్రతా శాఖ (హోంలాండ్ సెక్యూరిటీ) వాళ్ల నుంచి స్థానిక పోలీసులకు సమాచారం వెళ్లింది, పోలీసులు వచ్చి లైబ్రరీ వాళ్లతో మాట్లాడారు, రిలే తాత్కాలికంగా ఆగింది. ఆ సెప్టెంబరులో లైబ్రరీ బోర్డు సమావేశం పెడితే ఊళ్లో జనం వచ్చి, నడపాల్సిందేనని మాట్లాడారు. బోర్డు మళ్లీ ఆన్ చేయించింది. పుస్తకం ఎవరు తీసుకెళ్లారో బయటికి చెప్పకపోవడం లైబ్రేరియన్ల పాత నియమం. దాన్నే వాళ్లు నెట్‌కూ వర్తింపజేశారు. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ఉత్సాహంగా ఉంటుంది.

ఇన్ని సర్వర్లలో ఏది లెక్కలో ఉంది, ఏది లేదు అని తేల్చడానికి డైరెక్టరీ అథారిటీలని ఓ తొమ్మిది సర్వర్లుంటాయి. టార్ సమాజంలో ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన మనుషులు, సంస్థలు వాటిని నడుపుతారు, ఒకే దేశంలో ఉండవు. గంటకోసారి ఇవి ఓటు వేసి రిలేల జాబితా తయారుచేస్తాయి, దాన్నే కన్సెన్సస్ అంటారు. మెజారిటీ సంతకాలుంటేనే ఆ జాబితా చెల్లుతుంది. నెట్‌వర్క్ మొత్తంలో కొద్దిమంది చేతిలో అధికారం ఉన్నది ఈ ఒక్క చోటే. విమర్శించేవాళ్లు దీన్ని పట్టుకుంటారు, అందులో న్యాయం ఉంది. కాకపోతే ఆ ఓట్లన్నీ బహిరంగంగానే ఉంటాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చూడొచ్చు.

నా సొంత లెక్క చెప్తాను. నాకిప్పుడు రెండు మిడిల్ రిలేలున్నాయి (ట్రాఫిక్‌ను బయటి సైట్లకు పంపకుండా టార్ లోపలే మోసేవి), రెండూ యూరప్‌లో వేర్వేరు కంపెనీల దగ్గర అద్దెకు తీసుకున్న చిన్న వీపీఎస్‌లు. రెండింటికీ కలిపి నెలకు 1,100 రూపాయల దాకా అవుతుంది. దానికి ఎవరూ నాకు పైసా ఇవ్వరు, నేనూ అడగలేదు.

మొదటి రిలే పెట్టిన రోజులు ఇంకా బాగా గుర్తు. టార్ సెట్టింగుల ఫైల్‌లో (torrc) రాయాల్సింది ఆరేడు లైన్లే: పోర్టు, ఒక మారుపేరు, సంప్రదించడానికి మెయిల్, ఎగ్జిట్ (ట్రాఫిక్ టార్ దాటి బయటి సైటుకు వెళ్లే చివరి సర్వర్) వద్దు అని ఒక లైను, నెలకు ఇంత డేటా దాటొద్దు అని ఒక లైను. రాత్రి పదకొండింటికి సర్వీస్ స్టార్ట్ చేసి, రిలే ట్రాఫిక్ చూపించే ఆర్మ్ అనే టూల్ (ఇప్పుడు దాని పేరు నిక్స్) తెరిచి నల్ల స్క్రీన్ ముందు కూర్చున్నాను. ట్రాఫిక్ ఉప్పెనలా వచ్చి పడుతుందనుకుంటే ఒక్కో సెకనుకు నాలుగైదు కేబీలు, మధ్యలో సున్నా! ఏదో తప్పు చేశానని ఫైర్‌వాల్ మూడుసార్లు చూశాను. అసలు విషయం ఏమిటంటే కొత్త రిలేను నెట్‌వర్క్ వెంటనే నమ్మదు. మొదటి మూడు రోజులు దాదాపు ఖాళీగా ఉంచుతుంది, ఆలోగా దాని వేగాన్ని వేరే సర్వర్లు కొలుస్తాయి. నిలకడగా ఉంటే ఎనిమిది రోజులు దాటాక గార్డ్ అర్హత రావచ్చు. గార్డ్ అంటే యూజర్ మొదట తాకే సర్వర్. గార్డ్ అయినప్పుడు ట్రాఫిక్ ముందు కాస్త తగ్గుతుంది కూడా, ఎందుకంటే ప్రతి యూజరూ తన గార్డ్‌ను నెలల తరబడి మార్చడు, పాతవాళ్లు మన దగ్గరికి వెంటనే రారు. పూర్తి స్థాయికి రావడానికి రెండు నెలలు పైనే పడుతుంది. నా దానికి డెబ్బయ్యో రోజు దాటాక గ్రాఫ్ నిలబడింది. అప్పటినుంచి రాత్రీ పగలూ అదే మట్టంలో పారుతూనే ఉంది. ఆ పారేది ఏమిటి, ఏ సైటుకు పోతోంది అనేది నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. నాకు కనిపించేవి రెండు పక్కలా ఉన్న కంప్యూటర్ల అడ్రసులు, మధ్యలో ఎన్‌క్రిప్ట్ అయిన ముద్దలు, అంతే.

టార్ భద్రత నిలబడింది ఈ అమరిక మీదే. మీరు ఏదైనా సైటు తెరిస్తే మీ ట్రాఫిక్ మూడు రిలేల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మీరెవరో తెలుసు గానీ ఏ సైటో తెలియదు. చివరిదైన ఎగ్జిట్‌కు ఏ సైటో తెలుసు గానీ మీరెవరో తెలియదు. మధ్యలో ఉన్నదానికి రెండూ తెలియవు. వీపీఎన్ (మన ట్రాఫిక్ మొత్తాన్ని తన సర్వర్ గుండా పంపే సేవ) కంపెనీకైతే ఈ రెండూ ఒకే చోట తెలుస్తాయి, వాళ్లు "లాగ్స్ (ఎవరు ఏం చూశారన్న రికార్డులు) ఉంచం" అన్న మాట మీద మీరు బతకాలి. టార్‌లో ఒక్క మనిషిని నమ్మక్కర్లేదు. ముగ్గురూ కుమ్మక్కు కాలేదని నమ్మితే చాలు, నిజానికి మొదటివాడూ చివరివాడూ ఒక్కటి కాకపోతే చాలు. అందుకే "సర్వర్లు ఎవరివి" అన్న మీ ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఎవరు డబ్బిచ్చారన్న దానికన్నా, ఎంతమంది విడివిడి మనుషులు నడుపుతున్నారన్నది ముఖ్యం.

ఎగ్జిట్ సంగతి వేరు, అది తలనొప్పి వ్యవహారం. బయట సైటుకు కనిపించేది ఎగ్జిట్ ఐపీ అడ్రసే, అంటే నెట్‌లో ఆ సర్వర్ గుర్తింపు అంకె. ఎవడైనా టార్ వాడి వెధవ పని చేస్తే ఫిర్యాదు ఎగ్జిట్ నడిపేవాడికి వస్తుంది. నేను 14 నెలలు ఒక ఎగ్జిట్ నడిపాను. మామూలుగా చేయాల్సినవన్నీ చేశాను: ఐపీ పేరులోనే "టార్ ఎగ్జిట్" అని తెలిసేలా పెట్టాను, ఆ ఐపీని బ్రౌజర్‌లో తెరిస్తే ఇది టార్ ఎగ్జిట్, ఇక్కడ లాగ్‌లు ఉండవు అని చెప్పే పేజీ పెట్టాను, స్పామ్ మెయిల్ వెళ్లే 25వ పోర్టు మూసే ఉంది. అయినా వారానికి మూడు నాలుగు అబ్యూజ్ మెయిళ్లు (దుర్వినియోగం జరిగిందనే ఫిర్యాదులు) వచ్చేవి. చాలావరకు రోబోలు పంపేవే, కాపీరైట్ అనో లాగిన్ ప్రయత్నాలు అనో.

ఒకటి మాత్రం మనిషి రాసింది. పోలండ్‌లో చేతితో చేసిన చెక్క బొమ్మలు అమ్ముకునే ఒక చిన్న ఆన్‌లైన్ షాపాయన. "మీ సర్వర్ నుంచి రాత్రంతా నా అడ్మిన్ పేజీలో పాస్‌వర్డ్‌లు కొడుతూనే ఉన్నారు, నేను నిద్రపోలేదు" అని రాశాడు. నేను ఆ రోజు ఆఫీసు పని పక్కన పెట్టి జవాబు రాశాను. ఇది నేను చేసింది కాదు, ఆపడానికి మీకు మూడు దారులున్నాయి, ఎగ్జిట్‌ల జాబితా ఇక్కడ దొరుకుతుంది, మీ లాగిన్ పేజీకి మాత్రం దాన్ని బ్లాక్ చేసుకోండి, ప్రయత్నాలకు హద్దు పెట్టండి అని స్టెప్ బై స్టెప్. మర్నాడు థ్యాంక్స్ చెప్పాడు. ఆయన కోపం న్యాయమైనదే. ఎగ్జిట్ నడిపేవాడు ఇలాంటి మెయిల్‌కు మర్యాదగా, త్వరగా జవాబివ్వాలి. అది కూడా ఈ పనిలో భాగమే. చివరికి నా హోస్టింగ్ కంపెనీయే, ముందు ఒప్పుకున్నది మరిచి, 24 గంటల నోటీసుతో సర్వర్ మూసేసింది. ఇంకోటి వెతుక్కునే తీరిక అప్పట్లో లేక మిడిల్ రిలేలకు పరిమితమయ్యాను.

నాది చిన్న ఇబ్బంది. వేరేవాళ్లు పడ్డ కష్టాలు పెద్దవి. ఆస్ట్రియాలో ఎగ్జిట్ నడిపిన ఒక యువకుడి ఇంటి మీద 2012లో పోలీసులు దాడిచేశారు, 2014లో కోర్టు శిక్ష కూడా వేసింది. 2017లో మాస్కోలో ఒక లెక్కల మాస్టారు, తన ఎగ్జిట్ ఐపీ నుంచి ఎవరో రాసిన పోస్టులకు అరెస్టయ్యాడు, మరుసటి ఏడాదికి గానీ ఆ కేసు నుంచి బయటపడలేదు. నేను పైన చెప్పిన ఉల్లిపాయ స్నేహితుల సంఘం సభ్యుల ఇళ్లను, టార్‌తో నేరుగా సంబంధం లేని కేసులో, 2018 జూన్‌లో జర్మనీ పోలీసులు సోదా చేశారు. ఆ సోదా చట్టవిరుద్ధమని తర్వాత కోర్టు తేల్చింది. ఇంత టెన్షన్ ఉంది కాబట్టే ఎగ్జిట్‌లు మొత్తం రిలేల్లో సగం కూడా ఉండవు. పెద్ద ఎగ్జిట్‌లు లాయరు తోడున్న సంఘాల చేతిలోకి పోతున్నాయి.

చెడ్డవాళ్లు కూడా సర్వర్లు పెడతారా? పెడతారు. దీన్ని దాచి మీకు మంచి మాటలు చెప్పడం నాకిష్టం లేదు. ఎవరైనా పెట్టగలిగే నెట్‌వర్క్ అంటే దొంగ కూడా పెట్టగలడు. 2007లో స్వీడన్‌కు చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ అనే సెక్యూరిటీ నిపుణుడు ఐదు ఎగ్జిట్‌లు పెట్టి, వాటి గుండా ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తున్న ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు పట్టాడు. వాటిలో రకరకాల దేశాల రాయబార కార్యాలయాలవి ఉన్నాయి, మన దేశానివి కూడా! టార్ దారిని దాస్తుంది గానీ, ఎగ్జిట్ తర్వాత ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఉత్తరం కవరు లేకుండా పోయినట్టే. అప్పట్లో హెచ్‌టీటీపీఎస్ (సైటుతో కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) లేని సైట్లే ఎక్కువ. ఇప్పుడు టార్ బ్రౌజర్ 2022 జులై నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని సైటు తెరిచేముందు ఆపి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటేయకండి.

2014లో ఇంకా తీవ్రమైనది జరిగింది. జనవరి చివర్లో 115 రిలేలు ఒక్కసారిగా వచ్చి చేరాయి. గార్డ్ సామర్థ్యంలో 6.4 శాతం వాటి చేతిలోకి వెళ్లింది. అవి టార్ ప్రోటోకాల్‌లోని ఒక లోపాన్ని వాడుకుని ఎవరు ఏ దాచిన సర్వీస్‌కు (టార్ లోపలే తెరుచుకునే సైటుకు) వెళ్తున్నారో గుర్తుపట్టే ప్రయత్నం చేశాయి. జులై 4న తీసేసేదాకా ఐదు నెలలు నడిచాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు దీని వెనక ఉన్నారని టార్ ప్రాజెక్టు చెప్పింది. తర్వాత అమెరికా కోర్టు పత్రాల్లో కూడా ఆ యూనివర్సిటీ సంస్థ పేరు బయటికొచ్చింది. 2020 మే నెలలో ఒకే ముఠా ఎగ్జిట్ సామర్థ్యంలో 23 శాతం పైగా పట్టుకుని, హెచ్‌టీటీపీఎస్‌ను ఊడగొట్టి బిట్‌కాయిన్ అడ్రసులు మార్చేసింది. 2021లో కాక్స్17 అని పేరు పెట్టిన ఇంకో గుంపు బయటపడింది. అది 2017 నుంచీ వందల కొద్దీ రిలేలు నడిపింది, ఎక్కువగా మిడిల్, గార్డ్ స్థానాల్లో. వాటి యజమాని ఎవరో తేలలేదు. ఆ రిలేలను నెట్‌వర్క్ నుంచి గెంటేశారు.

వీటిని పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కూడా వాలంటీర్లే. ఒకేరోజు వచ్చిన రిలేలు, ఒకేలాంటి సెట్టింగులు, సంప్రదించడానికి మెయిల్ లేకపోవడం, ఇలాంటి ఆనవాళ్లు చూస్తూ కూర్చునేవాళ్లున్నారు. నిజాయితీగా నడిపేవాడు తన రిలేలన్నీ ఒకే కుటుంబం అని సెట్టింగుల్లో ప్రకటిస్తాడు. అప్పుడు టార్ ఒకే దారిలో ఆ కుటుంబానివి రెండు వాడదు. దగ్గర దగ్గర ఐపీలు ఉన్నవాటిని కూడా ఒకే దారిలో పెట్టదు. నా రెండు రిలేలకు ఆ ప్రకటన మొదటిరోజే పెట్టాను.

నన్ను ఎక్కువ దిగులుపెట్టేది మాత్రం దొంగల కంటే, మంచివాళ్లందరూ ఒకే చోట గుమిగూడటం. చౌకగా దొరుకుతుందని చాలామంది హెట్జ్‌నర్, ఓవీహెచ్ లాంటి రెండు మూడు కంపెనీల్లోనే సర్వర్లు తీసుకుంటారు. అప్పుడు రిలేలు నడిపేది వంద మంది అయినా, ఆ తీగ పోయేది ఒకే బిల్డింగులోంచి. ఆ బిల్డింగు మీద కన్నేసి ఉంచినవాడికి పని సులువవుతుంది. మీరు ఎప్పుడైనా రిలే పెడితే దయచేసి ఇంకెవరూ వాడని చిన్న కంపెనీని వెతకండి, నెలకు ఓ వంద ఎక్కువైనా పర్వాలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ డబ్బు. టార్ ప్రాజెక్టు తన ఆడిట్ రిపోర్టులు, పన్ను పత్రాలు ఏటా బయటపెడుతుంది. 2015లో వాళ్ల ఆదాయంలో 80 శాతానికి పైగా అమెరికా ప్రభుత్వ శాఖల నుంచే వచ్చింది: విదేశాంగ శాఖ, నేషనల్ సైన్స్ ఫౌండేషన్, ప్రభుత్వ డబ్బుతో నడిచే ఓపెన్ టెక్నాలజీ ఫండ్ దారిలో వచ్చినవి వగైరా. ఆ తర్వాత కావాలనే దాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. 2023–24 లెక్కల్లో అది మూడో వంతు దగ్గరికి దిగింది. మిగతాది స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ, ఫౌండేషన్లు, మల్వాడ్ (వీపీఎన్) లాంటి కంపెనీలు, మామూలు జనం పంపే చిన్న విరాళాల నుంచి. మొత్తం కలిపి ఏడాదికి 70–80 లక్షల డాలర్లు. ప్రపంచమంతా వాడే బ్రౌజర్‌కూ నెట్‌వర్క్‌కూ అది చాలా చిన్న మొత్తం. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు 13 మందిని ఉద్యోగాల్లోంచి తీసేయాల్సి వచ్చింది.

ప్రభుత్వ డబ్బుతో వెనక తలుపు పెట్టించారా అంటే, కోడ్ మొత్తం బయటే ఉంది, దాన్ని ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచంలోని యూనివర్సిటీలు చీల్చి చెండాడుతున్నాయి. అలాంటి తలుపు ఎవరికీ దొరకలేదు. నా దృష్టిలో ఆ డబ్బుతో ఉన్న అసలు ప్రమాదం వేరు, అది ఏ రోజైనా ఆగిపోవచ్చు. 2025 మార్చిలో ఓపెన్ టెక్నాలజీ ఫండ్‌కు ఇచ్చే గ్రాంటు రద్దు చేస్తున్నామని అమెరికా ప్రభుత్వం చెప్పింది, ఆ ఫండ్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఇరాన్‌లో, రష్యాలో బ్లాకులను దాటించే టూల్స్ మీద పనిచేసే జీతాలు అలాంటి గ్రాంట్ల మీదే ఆధారపడ్డాయి. అందుకే పది డాలర్లు పంపే లక్ష మంది ఉంటే బాగుండునని నేను కోరుకుంటాను.

సర్వర్లు నడిపేవాళ్లకు కూడా డబ్బు ఇవ్వొచ్చు కదా అని 2012లోనే పెద్ద చర్చ జరిగింది. ఎగ్జిట్‌లు పెంచడానికి ఒక నిధి వాడదామన్నారు. భయమల్లా ఒక్కటే, కొందరికి జీతమిస్తే మిగతావాళ్లు "నేనెందుకు ఊరికే చేయాలి" అని మానేస్తారేమోనని. ఇప్పుడు నిమ్ లాంటి కొత్త నెట్‌వర్క్‌లు సర్వర్ నడిపేవాళ్లకు క్రిప్టో టోకెన్లు ఇస్తున్నాయి. ఐ2పీ అనే ఇంకో పాత నెట్‌వర్క్‌లో మామూలుగా వాడే ప్రతి మనిషి కంప్యూటరూ ఎంతో కొంత ఇతరుల ట్రాఫిక్ మోస్తుంది, కాబట్టి అక్కడ అద్దె ప్రశ్నే లేదు. ఈ మూడు పద్ధతుల్లో నా మనసు టార్ వైపే, ఎందుకంటే లాభం కోసం వచ్చినవాడు ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికి పోతాడు. అది నా అభిప్రాయం మాత్రమే.

మన దేశంలో పెట్టొచ్చా? టార్ వాడకూడదని, రిలే నడపకూడదని పేరుపెట్టి చెప్పే చట్టం మనకు లేదు. అయితే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాలు గుర్తుంచుకోవాలి. వీపీఎన్, వీపీఎస్, డేటా సెంటర్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఎందుకు తీసుకున్నారనే వివరాలు ఐదేళ్లు ఉంచాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అది వచ్చాక పేరున్న వీపీఎన్ కంపెనీలు కొన్ని తమ సర్వర్లను ఇండియా నుంచి తీసేశాయి. నా సలహా: ఇండియాలో ఎగ్జిట్ మాత్రం పెట్టకండి. పోలీస్ స్టేషన్లో సబ్ ఇన్‌స్పెక్టర్‌కు ఉల్లిపాయ పొరల గురించి చెప్పి ఒప్పించే పరిస్థితి ఎవరికీ రాకూడదు. విద్యార్థిగా ఉన్న మీకు అసలే రాకూడదు.

ఇంట్లో మిడిల్ రిలే కూడా వద్దంటాను. 2018లో కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద పెట్టాను. చట్టపరంగా ఏ ఇబ్బందీ రాలేదు. పదిరోజులకు మా ఆవిడ, బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదని చెప్పింది. తర్వాత అమ్మ పెన్షన్ వివరాలు చూసుకునే సైటు, ఆ తర్వాత కరెంటు బిల్లు. ఫోన్ డేటాలో అన్నీ తెరుచుకుంటున్నాయి, వైఫైలో తెరుచుకోవట్లేదు. రిలేల ఐపీ జాబితా బహిరంగం కదా, చాలా సైట్లు ఎగ్జిట్ ఏదో మిడిల్ ఏదో చూడకుండా మొత్తం జాబితాను బ్లాక్ చేస్తాయి. నేను రిలే తీసేశాక కూడా కొన్ని సైట్లు దారికి రావడానికి నెల పట్టింది. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా వాళ్ల కనెక్షన్ మీద ప్రయోగం చేయడం నాది తప్పు.

మీకు సరిపోయేది స్నోఫ్లేక్, టార్ బ్లాక్ అయిన దేశాల వాళ్లకు మీ బ్రౌజర్ గుండా దారి ఇచ్చే టూల్. ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలు. 2021 డిసెంబరులో రష్యా టార్‌ను బ్లాక్ చేసినప్పుడు, 2022 సెప్టెంబరులో ఇరాన్‌లో ఆందోళనలు మొదలైనప్పుడు వేల మంది బయటి ప్రపంచానికి చేరింది ఇలాంటి చిన్న చిన్న బ్రౌజర్ల మీదుగానే. అక్కడి మనిషి ట్రాఫిక్ మీ బ్రౌజర్ గుండా టార్ బ్రిడ్జికి వెళ్తుంది, సైటుకు కనిపించేది మీ ఐపీ కాదు, ఎక్కడో ఉన్న ఎగ్జిట్ ఐపీ. రిలేల జాబితాలో మీ ఐపీ చేరదు కాబట్టి బ్యాంకు సైటుకు సమస్య రాదు. డేటా మాత్రం కొంత అవుతుంది, మీ ప్లాన్‌లో నెలవారీ పరిమితి చూసుకోండి, ఇంట్లో చెప్పి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బొమ్మ మీద నొక్కితే గత 24 గంటల్లో ఎంతమందికి దారి ఇచ్చారో అంకె కనిపిస్తుంది. నా ఆఫీసు టేబుల్ మీద పాత పీసీలో ఇది రోజంతా నడుస్తుంది, ఇది రాస్తున్నప్పుడు చూస్తే 31 అని ఉంది.

ఇంకా కొంచెం ముందుకెళ్లి బ్రిడ్జి పెట్టాలనుకుంటే, ముందు మీ రూటర్ పేజీలో వాన్ (WAN) ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రసు, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచుతోందని అర్థం, బయటి నుంచి పోర్టు తెరవడం కుదరదు, అప్పుడు స్నోఫ్లేకే మీ దారి. వేరే అంకె కనిపిస్తే మొదటి రెండు భాగాలు మాత్రం ఇక్కడ రాయండి, మిగతావి బయటపెట్టొద్దు. అది చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.